మన డబ్బు కట్టడానికి మళ్లీ డబ్బా?



ఒక అక్క సంగతి చెప్పుకుందాం. ఆమె కూలి పనికి పోతుంది. రాత్రిపూట చదువుల కేంద్రానికి వచ్చి చదవడం, రాయడం నేర్చుకుంది.

ఒకరోజు ఆమె కరెంటు బిల్లు కట్టడానికి మండలం ఊరికి పోయింది. అక్కడ ఒక నెట్ సెంటరు ఉంది. కొట్టు అబ్బాయి కంప్యూటర్లో ఏదో కొట్టాడు. "330 ఇవ్వక్కా" అన్నాడు. ఆమె ఇచ్చింది. అతను చిన్న రసీదు చేతిలో పెట్టాడు.

ఇదివరకైతే ఆమె ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడి వేసుకునేది. ఈసారి అలా చేయలేదు. బస్సులో కూర్చుని రసీదు విప్పింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. "చెల్లించిన మొత్తం: 312 రూపాయలు" అని ఉంది.

ఆమె మళ్లీ చదివింది. 312. తను ఇచ్చింది 330. మరి 18 రూపాయలు ఎక్కడికి పోయాయి?

"ఎన్నేళ్ల నుంచి ఇట్లా ఇస్తున్నానో!" అనుకుంది. ఆ రాత్రి కేంద్రంలో రసీదు అందరికీ చూపించింది. అప్పుడు ఒక్కొక్కరూ నోరు విప్పారు.

"గ్యాసు బండ తెచ్చినప్పుడు నా దగ్గర 40 ఎక్కువ తీసుకుంటారు."

"వేలిముద్ర వేసి నా డబ్బులు నేను తీసుకుంటే వెయ్యికి 10 పట్టుకుంటారు."

"నా ఖాతాలో డబ్బు దానంతట అదే తగ్గిపోతోంది. ఎందుకో తెలియదు."

ఇవన్నీ ఒక్క తీరు సంగతులే. మనం కట్టాల్సింది కడుతున్నాం. కట్టినందుకు మళ్లీ కడుతున్నాం. ఇందులో ఏది న్యాయం? ఏది అన్యాయం? తెలుసుకుందాం.

అదనపు చార్జీలు మూడు రకాలు

మొదటిది, చెప్పి తీసుకునేది. చార్జీ ఎంతో ముందే చెబుతారు. రసీదులో రాస్తారు. ఇష్టమైతే ఇస్తాం. లేకపోతే ఇంకోచోటికి పోతాం.

రెండోది, చెప్పకుండా చేతిలోంచి తీసుకునేది. దీనికి రసీదు ఉండదు. "అందరూ ఇస్తున్నారు, నువ్వూ ఇవ్వు" అంటారు.

మూడోది, మన చేతికి తగలకుండానే ఖాతాలోంచి పోయేది. పాసు పుస్తకం చదివితే తప్ప ఇది కనిపించదు.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

కరెంటు బిల్లు

కరెంటు సంస్థ కౌంటరులో బిల్లు కడితే బిల్లు మీద ఉన్నంతే తీసుకుంటారు. పైన ఏమీ ఉండదు. ఫోను వాడటం వచ్చినవాళ్లు కరెంటు సంస్థ సొంత యాప్‌లో కూడా కట్టవచ్చు.

నెట్ సెంటరు ప్రైవేటు కొట్టు. కొట్టుకు అద్దె ఉంటుంది. నెట్టు ఖర్చు ఉంటుంది. అతను తన పనికి కొంత అడగవచ్చు. కానీ ఎంతో ముందే చెప్పాలి. అది రసీదులో కనిపించాలి. 312 అని రాసి 330 తీసుకోవడం సరి కాదు.

"కౌంటరుకు పోతే 18 రూపాయలు మిగులుతాయి. కానీ ఒక పూట కూలి పోతుంది కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. ఆ 18 రూపాయలు మన దగ్గర నిలిచేది అందుకే. మనకు తీరిక లేదని వాళ్లకు తెలుసు. దీనికి ఒక ఉపాయం ఉంది. అది చివర చెప్పుకుందాం.

గ్యాసు బండ

బండతోపాటు బిల్లు ఇస్తారు. బిల్లులో ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చి ఇచ్చే ఖర్చు కలిసి ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. "ఆటో ఖర్చు", "మెట్లెక్కిన ఖర్చు" అని 30, 40, 50 అడుగుతారు. ఇది బిల్లులో ఉండదు. దూరం ఊళ్లకు వేరే చార్జీ ఉందని ఎవరైనా చెబితే, "బిల్లు మీద ఎక్కడ రాసి ఉందో చూపించు" అని అడగండి. బిల్లు మీద లేని డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

ఇంకొక సంగతి. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ గ్యాసు పథకాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి 3 బండలు ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద బండ 500 రూపాయలు. ముందు మనం మొత్తం ధర కడితే, ప్రభుత్వం తన వంతు తర్వాత ఖాతాలో వేసేలా వీటిని మొదలుపెట్టారు. కానీ ప్రభుత్వం లెక్క చూసేది బిల్లు ధరనే. బండ తెచ్చిన అబ్బాయి చేతిలో మనం పెట్టిన 40 రూపాయలు ఏ లెక్కలోనూ లేవు. అవి తిరిగి రావు. ఉచితం అన్న బండకు కూడా మనం ఇలా డబ్బు ఇస్తున్నామన్నమాట.

ఎండలో బండ మోసుకొచ్చిన అబ్బాయి కూడా కష్టజీవే. జాలిపడి మనమే ఏదైనా ఇస్తే అది మన ఇష్టం. ఇవ్వకపోతే బండ దించను అనడం మాత్రం తప్పు. అతని కూలి ఇవ్వాల్సింది ఏజెన్సీ.

వేలిముద్ర వేసి డబ్బు తీయడం

ఇప్పుడు చాలా ఊళ్లలో బ్యాంకు ఏజెంట్లు ఉన్నారు. వీళ్లను బ్యాంకు మిత్ర అంటారు. కొన్నిచోట్ల మినీ బ్యాంకు అంటారు. మన ఆధార్ నంబరు కొట్టి, వేలిముద్ర తీసుకుని, డబ్బు ఇస్తారు. బ్యాంకుకు పోయే బస్సు ఖర్చు, రోజు కూలి మిగులుతాయి. ఇది మంచి సదుపాయమే.

కానీ చాలాచోట్ల వెయ్యి తీస్తే 10 పట్టుకుంటారు. 2,000 తీస్తే 20 పట్టుకుంటారు. ఇది తప్పు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం బ్యాంకు ఏజెంటు మన దగ్గర నేరుగా చార్జీ తీసుకోకూడదు. అతనికి కమీషను ఇచ్చేది బ్యాంకు. ఆ కమీషను చాలదని అతను అనవచ్చు. అది అతనికీ బ్యాంకుకూ మధ్య సంగతి. మన కూలి డబ్బులో కోత పెట్టడం దానికి మందు కాదు. బ్యాంకు ఏదైనా చార్జీ వేస్తే అది పాసు పుస్తకంలో రాసి ఉంటుంది. ఏజెంటు చేతిలో పెట్టేది చార్జీ కాదు.

గుర్తుపెట్టుకోండి. మిషనులో 1,000 కొడితే చేతికి 1,000 రావాలి. 990 కాదు.

వేలిముద్ర వేశాక "పడలేదు, మళ్లీ వెయ్యి" అంటే కంగారు పడకండి. "పడలేదని చీటీ ఇవ్వు" అని అడగండి. చీటీ చదివాకే రెండోసారి వేలు పెట్టండి.

ఏటీఎం

ఏటీఎంలో డబ్బు తీయడం ఎప్పుడూ ఉచితం అనుకుంటాం. దానికి ఒక లెక్క ఉంది.

మన బ్యాంకు ఏటీఎంలో నెలకు కనీసం 5 సార్లు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో ఊళ్లలో 5 సార్లు, హైదరాబాదు వంటి మహానగరాల్లో 3 సార్లు ఉచితం. ఆ పైన ఒక్కోసారికి 23 రూపాయల దాకా చార్జీ వేయవచ్చు. దాని మీద పన్ను కూడా ఉంటుంది. 2025 మే 1 నుంచి ఈ లెక్క నడుస్తోంది.

వేరే బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీయకుండా నిల్వ ఎంత ఉందో చూసుకున్నా అది ఒకసారి కింద లెక్కే. అందుకని ఊరికే వేరే బ్యాంకు మిషను దగ్గరికి పోయి నిల్వ చూడకండి. మిషనులో డబ్బు లేక మనకు రాకపోతే మాత్రం అది లెక్కలోకి రాదు.

ఖాతాలోంచి తెలియకుండా పోయే డబ్బు

బ్యాంకు ఖాతాలు రెండు రకాలు. ఒకటి మామూలు పొదుపు ఖాతా. కొన్ని బ్యాంకుల్లో ఇందులో ఇంత కనీస నిల్వ ఉండాలి అంటారు. లేకపోతే చార్జీ కోస్తారు. స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతాలకు ఈ చార్జీని 2020లో ఎత్తేసింది. అన్ని బ్యాంకులూ ఎత్తేయలేదు.

రెండోది ప్రాథమిక పొదుపు ఖాతా. 2014లో మొదలైన జన ధన్ ఖాతా ఈ రకమే. ఇందులో ఒక్క రూపాయి లేకపోయినా చార్జీ వేయకూడదు. డబ్బు వేయడం ఉచితం. ఏటీఎం కార్డు ఉచితం. నెలకు కనీసం 4 సార్లు డబ్బు తీయడం ఉచితం.

మీది ఏ ఖాతా? పాసు పుస్తకం చూడండి. తెలియకపోతే బ్యాంకులో అడగండి.

ఇక్కడ జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. ఇది మన దేశంలో పేదల ఖాతాల సంగతి.

"నెలకు 4 సార్లు ఉచితం" అనే నియమాన్ని స్టేట్ బ్యాంకు మరో రకంగా వాడింది. 5వ సారి నుంచి ప్రతిసారీ 17 రూపాయల 70 పైసలు కోసింది. చార్జీ 15 రూపాయలు, పన్ను 2 రూపాయల 70 పైసలు. నోట్లు తీసుకుంటేనే కాదు, ఫోనుతో కట్టినా, కార్డు గీకినా కోసింది.

లెక్క వేసి చూడండి. ఒక చెల్లెలు ఫోనుతో కట్టి 10 రూపాయల ఉప్పు ప్యాకెట్టు కొన్నది. నెలలో అది 5వ సారి. ఉప్పుకు 10 రూపాయలు. కట్టినందుకు 17 రూపాయల 70 పైసలు. ఉప్పు కంటే కట్టుబడి ఎక్కువ!

ముంబయి ఐఐటీ ఆచార్యుడు ఆశిష్ దాస్ ఈ లెక్కలు తీశారు. 2015 నుంచి 2020 దాకా ఆ బ్యాంకు సుమారు 12 కోట్ల ప్రాథమిక ఖాతాల నుంచి 300 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసిందని తేలింది. ఒక్కొక్కరి దగ్గర పోయింది చిన్న మొత్తమే. అన్నీ కలిస్తే కోట్లు.

2020 ఆగస్టు 30న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు బ్యాంకులకు ఒక మాట చెప్పింది. 2020 జనవరి 1 తర్వాత ఫోను చెల్లింపుల మీద, రూపే కార్డు చెల్లింపుల మీద వసూలు చేసిన చార్జీలు తిరిగి ఇవ్వమంది. స్టేట్ బ్యాంకు సుమారు 90 కోట్లు తిరిగి ఇచ్చింది. ఇంకా 164 కోట్లు ఇవ్వాల్సి ఉందని ఆచార్యుడి నివేదికను బట్టి 2021 నవంబరులో పత్రికలు రాశాయి.

చూశారా? ఒకరు పాసు పుస్తకాల లెక్క చదివారు. "ఇది దేనికి?" అని అడిగారు. అందుకే డబ్బు కొంతైనా వెనక్కి వచ్చింది.

ఫోనుతో కట్టడం

దుకాణంలో ఫోనుతో స్కాన్ చేసి మన బ్యాంకు ఖాతాలోంచి కట్టడాన్ని యూపీఐ అంటారు. 2020 జనవరి 1 నుంచి ఇలా ఖాతాలోంచి కట్టేదానికి దుకాణం మీద కూడా చార్జీ లేదు. కాబట్టి "ఫోనుతో కడితే 2 రూపాయలు ఎక్కువ" అని దుకాణదారుడు అంటే అది సరి కాదు.

ఫోను రీఛార్జి సంగతి వేరు. కొన్ని చెల్లింపు యాప్‌లు రీఛార్జి మీద 1, 2, 3 రూపాయలు తీసుకుంటాయి. దాన్ని "ప్లాట్‌ఫాం ఫీజు" అంటారు. అంటే ఆ యాప్ వాడుకున్నందుకు చార్జీ అని అర్థం. కట్టే ముందు చిన్న అక్షరాల్లో అది కనిపిస్తుంది. పిల్లలు గబగబా నొక్కేస్తారు. "ఆగు, చదువు" అని చెప్పండి. ఫోను కంపెనీ సొంత యాప్‌లో గానీ, ఊళ్లో రీఛార్జి కొట్టులో గానీ చేయిస్తే మామూలుగా ఈ ఫీజు ఉండదు.

లెక్క వేద్దాం

పలక తీసుకోండి. ఒక ఇంటికి ఏడాదికి ఎంత పోతుందో చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలు. మీ అంకెలు మీరు వేసుకోండి.

కరెంటు బిల్లు: నెలకు 18 రూపాయలు. 12 నెలలకు 216.
గ్యాసు బండ: బండకు 40 రూపాయలు. 8 బండలకు 320.
డబ్బు తీయడం: నెలకు 40 రూపాయలు. 12 నెలలకు 480.
ఫోను రీఛార్జి: నెలకు 3 రూపాయలు. 12 నెలలకు 36.

మొత్తం: 1,052 రూపాయలు.

ఇది ఒక్క ఇంటి లెక్క. 10 మంది ఉన్న పొదుపు సంఘంలో అయితే 10,520 రూపాయలు. ఆ డబ్బుతో పిల్లల నోటు పుస్తకాలు, సంచులు వస్తాయి. ఇంట్లో జ్వరం వస్తే అప్పు చేయకుండా మందులు వస్తాయి.

మనం ఏం చేయాలి?

1. ముందే అడగండి. "బిల్లు ఎంత? నువ్వు తీసుకునేది ఎంత?" అని డబ్బు ఇవ్వక ముందే అడగాలి.

2. రసీదు తీసుకోండి. అక్కడే నిలబడి చదవండి. ఇచ్చిన డబ్బు, రాసిన డబ్బు ఒకటే కావాలి. తేడా ఉంటే "ఇది దేనికి?" అని అడగండి.

3. నెలకొకసారి పాసు పుస్తకం వేయించండి. తెలియని కోత ఉంటే ఆ వరుస కింద పెన్సిలుతో గీత పెట్టండి. బ్యాంకులో చూపించి అడగండి. ఏ పనికి ఎంత చార్జీయో బ్యాంకు అందరికీ కనిపించేలా పెట్టాలి.

4. ఒంటరిగా పోకండి. ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. నలుగురు అడిగితే జవాబు చెబుతారు.

5. జవాబు రాకపోతే ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు కాగితం మీద రాసి ఇవ్వండి. దాని నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

ఈ నంబర్లు ఇంట్లో గోడ మీద రాసుకోండి.

కరెంటు: 1912
గ్యాసు: 1800 2333 555
వినియోగదారుల సహాయం: 1915
బ్యాంకు సంగతులకు రిజర్వు బ్యాంకు: 14448

బ్యాంకు మీద ఫిర్యాదు ముందు బ్యాంకుకే ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అంబుడ్స్‌మన్ అంటే ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి. దీనికి ఖర్చు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా 5 లక్షల రూపాయల లోపు విలువ ఉన్న కేసుకు రుసుము లేదు.

ఒక్క జాగ్రత్త. ఫోనులో ఎవరు అడిగినా మీ పిన్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పకండి. ఫిర్యాదు తీసుకునేవాళ్లకు అవి అక్కర్లేదు.

ఆ అక్క ఏం చేసింది?

మొదట చెప్పుకున్న అక్క మర్నెల మళ్లీ నెట్ సెంటరుకు పోయింది. ఈసారి వెంట ముగ్గురు పోయారు. పాత రసీదు చూపించింది.

"తమ్ముడూ, కాగితంలో 312 ఉంది. నేనిచ్చింది 330. ఈ 18 దేనికి?"

అబ్బాయి తలెత్తి చూశాడు. "నెట్టు బిల్లు, కొట్టు అద్దె ఉన్నాయి కదక్కా" అన్నాడు.

"ఉంటాయి. కాదనను. నీ కష్టానికి ఎంతో గోడ మీద రాయి. మా రసీదులో రాయి. ఇష్టమైతే మేము ఇస్తాం."

అతను కొంచెంసేపు మాట్లాడలేదు. వెనక వరుసలో ఉన్న ఒక ముసలాయన "అవునబ్బాయ్, నా దగ్గర 20 తీసుకున్నావు" అన్నాడు. ఇంకొకాయన "నా దగ్గర 15" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఒక్కొక్కరికి ఒక్కో రేటు అని!

వారం తర్వాత ఆ కొట్టులో అట్టముక్క మీద "బిల్లుకు 10 రూపాయలు" అని రాసి పెట్టారు.

సంఘంలో ఇంకో మాట కూడా అనుకున్నారు. నెలకొకరు అందరి బిల్లులూ తీసుకుని కౌంటరుకు పోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో మన ఆడవాళ్లకు టికెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఈ సదుపాయం ఉంది. ఒక్కరికి ఒక పూట పని పోతుంది. తొమ్మిది మందికి పూట మిగులుతుంది. మళ్లీ వంతు వచ్చేది పది నెలలకు. ఇదే ఇందాక చెబుతామన్న ఉపాయం.

ఆ 18 రూపాయలు అక్కకు తిరిగి రాలేదు. పాతవీ రాలేదు. కానీ ఇక మీద ఆమె కాగితం చదవకుండా కొంగున ముడి వేయదు.

ఆలోచించండి, చెప్పండి

1. అక్క ఇచ్చింది 330. రసీదులో ఉన్నది 312. తేడా ఎంత? ఏడాదికి ఎంత?
2. గ్యాసు బండ ఇంటికి తెచ్చే ఖర్చు ఎక్కడ కలిసి ఉంటుంది?
3. బ్యాంకు ఏజెంటుకు కమీషను ఎవరు ఇవ్వాలి?
4. మీ ఊళ్లో ఎవరు, దేనికి, ఎంత అదనంగా తీసుకుంటున్నారు? సంఘంలో కూర్చుని ఒక పట్టిక రాయండి.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న చివరి కరెంటు రసీదు, గ్యాసు బిల్లు, పాసు పుస్తకం కేంద్రానికి తీసుకురండి. ఒకరివి ఒకరు గట్టిగా చదవండి.